ఆక్సిజన్ గీతల లెక్క ఇలా కుదిరింది

పిల్లి కన్ను నెబ్యులా (ఎన్‌జీసీ 6543) ఒక వాయు మేఘం. నేను తీసిన దాని స్పెక్ట్రంలో, అంటే కాంతిని రంగులుగా విడదీసిన చిత్రంలో, ఆక్సిజన్ గీతలు లెక్కకు రాలేదు. 500.7 నానోమీటర్ల గీత ప్రకాశం, పక్కనున్న 495.9 గీతకు దాదాపు మూడు రెట్లు ఉండాలి. రెండూ ఒకే శక్తి స్థాయి నుంచి పుడతాయి కాబట్టి ఏ నెబ్యులాలోనైనా ఈ నిష్పత్తి ఇంతే. నాకు రెండు రెట్లు కూడా రాలేదు.

కెమెరా సున్నితత్వాన్ని అనుమానించలేం, గీతల మధ్య దూరం ఐదు నానోమీటర్లే. ముడి ఫ్రేమ్‌ను పెద్దది చేసి చూస్తే విషయం తెలిసింది. 500.7 శిఖరం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. కాంతి ఎక్కువై పిక్సెళ్లు నిండిపోయాయి, ఆపైన వచ్చింది నమోదు కాలేదు!

ప్రకాశవంతమైన గీతలకు చిన్న ఎక్స్‌పోజర్లు, మసకవాటికి పెద్దవి విడిగా తీశాను. రెండింట్లోనూ నిండకుండా ఉన్న 486.1 హైడ్రోజన్ గీతతో వాటిని కలిపాను. నిష్పత్తి మూడు దగ్గరికి వచ్చింది. 1864లో ఖగోళ శాస్త్రవేత్త హగ్గిన్స్ ఈ నెబ్యులాలోనే చూసిన ఆకుపచ్చ గీతలివి. అవి ఆక్సిజన్‌వని భౌతిక శాస్త్రవేత్త బోవెన్ తేల్చింది 1927లో.

ఇక ఆక్సిజన్‌దే మరో గీత, 436.3. నెబ్యులా ఉష్ణోగ్రత దాన్నిబట్టే తెలుస్తుంది, అది తెలియకుండా ఆక్సిజన్ ఎంతుందో చెప్పలేం. ఆకాశంలోకి వెలుగు చిమ్మే పాదరసం దీపాల 435.8 గీత దాన్ని ఆనుకునే ఉంటుంది. అందుకే నెబ్యులా బయటి ఆకాశాన్ని అదే స్లిట్‌లో (కాంతి లోపలికొచ్చే సన్నని చీలికలో) కొలిచి, ఆ వెలుగును తీసేశాకే 436.3 గీతను లెక్కలోకి తీసుకున్నాను.