గువ్వలచెరువు ఘాట్‌లో కాగిపోయే వేరియంట్: సమస్య - పరిష్కారం

ఫోక్స్‌వ్యాగన్ టైప్ 3 వేరియంట్ అనే పాత కారు కడప రోడ్ల మీద కనబడితే జనం ఆగి చూస్తారు. 1962లో వచ్చిన ఈ బండికి రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పని లేదు, ఇంజను గాలితోనే చల్లబడుతుంది. ఇంజను బండి వెనక భాగంలో, సామాను పెట్టే పలక కిందే ఉంటుంది. అందుకే ముందూ డిక్కీ, వెనకా డిక్కీ. పాతది కొని బాగుచేయించుకునేవాళ్లకు ముందుగా ఎదురయ్యేవి ఇవి.

ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోతుంది, ఆయిల్ కాగిపోతుంది

గువ్వలచెరువు ఘాట్‌లో రాయచోటి రోడ్డు ఎక్కేసరికి బండి నీరసపడితే, "రేడియేటరే లేదు, మే నెలలో కాగక ఏం చేస్తాదన్నా" అంటాడు షెడ్డు మెకానిక్. ఆ మాట నమ్మొద్దు. నూటికి తొంభై పాళ్లు తప్పు గాలి దారిలోనే ఉంటుంది.

క్రాంక్‌షాఫ్ట్ (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు) చివర బిగించిన ఫ్యాను బండి వెనక పక్కల సందుల గుండా బయటి గాలిని లాగుతుంది. బాడీకీ ఫ్యాను డబ్బాకీ మధ్య మడతల రబ్బరు గొట్టం ఒకటుంటుంది. అది చిరిగితే ఫ్యాను చల్లగాలి బదులు ఇంజను చుట్టూ ఉన్న వేడిగాలినే తిప్పితిప్పి పీలుస్తుంది. మొదట చూడాల్సింది అదే. తర్వాత ఇంజను చుట్టూ ఉండే రేకులు. పాత రిపేర్లలో "ఇవెందుకులే" అని ఎవరో తీసి పారేసి ఉంటారు. అవి లేకపోతే గాలి సిలిండర్లను తాకకుండానే పోతుంది. ఒక్క రేకు తక్కువైనా వెతికి తెప్పించండి, దొరక్కపోతే పాతదాని కొలతతో చేయించండి.

మూడోది దుమ్ము. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము కారిన ఆయిల్‌తో కలిసిందంటే సిలిండర్ రెక్కల మధ్య గట్టిగా పెచ్చు కడుతుంది. కంప్రెసర్ గాలి కొడితే పోదు. రేకులన్నీ విప్పి, కిరోసిన్‌లో తడిపి, బ్రష్షుతో, సన్నని కర్రపుల్లతో గీకాలి. కాగి ఉన్న ఇంజను మీద మాత్రం నీళ్లు కొట్టొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే టైమింగ్ (స్పార్క్ పడే సమయం), కార్బురేటర్ల (పెట్రోలు, గాలి కలిపే భాగాలు) జోలికి పోండి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనా వేడి పెరుగుతుంది. డిక్కీ మూతకు బొక్కలు కొట్టి కరెంటు ఫ్యాను పెడతామంటే ఒప్పుకోకండి, బండి పాడవడం తప్ప ఏమీ ఒరగదు. ఇంకొకటి: ఫోక్స్‌వ్యాగన్‌దే ఇంకో పాత కారు బీటిల్‌లో బెల్టు తెగితే కూలింగ్ ఆగిపోతుంది. ఇందులో ఆగదు, ఛార్జింగ్ ఒక్కటే పోతుంది. కాబట్టి "బెల్టు బాగానే ఉంది" అన్నది ఇక్కడ జవాబు కాదు.

లోపల పెట్రోలు వాసన

దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు. బండి తీయకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోక పగులుతాయి, కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడితే మంటే. ట్యాంకు దగ్గర నుంచి కార్బురేటర్ల దాకా పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చి, క్లిప్పులు కూడా కొత్తవి వేయించండి.

టప్పెట్ చప్పుడు తగ్గిపోతోంది

టప్పెట్లంటే ఇంజను వాల్వులను నెట్టే భాగాలు. వాటి చప్పుడు ఉంటే భయపడేవాళ్లే ఎక్కువ. అసలు భయపడాల్సింది అది తగ్గుతూ పోతే. టప్పెట్‌కూ వాల్వుకూ మధ్య ఉండాల్సిన సందు మూసుకుపోతోందని అర్థం, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. రాత్రంతా చల్లారిన ఇంజనుకే, మాన్యువల్ చెప్పిన కొలతకు సెట్ చేయించండి. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే, పేపర్ ఫిల్టర్ లేదు, జల్లెడ మాత్రమే. మన దుమ్ముకు ఆయిల్ త్వరగా మార్చాల్సిందే.

వెనక సీటు కింద తుప్పు

బ్యాటరీ అక్కడే ఉంటుంది, యాసిడ్ కారి రేకు తింటుంది. కొనేముందే సీటు ఎత్తి చూడండి. చెన్నై వైపు తిరిగిన బండైతే ఇంకా జాగ్రత్త, సముద్రపు గాలి కింద భాగాన్నీ వదలదు.

ఆర్‌సీ నంబరుకీ బండికీ పొత్తు లేదు

ఛాసిస్ నంబరు కూడా వెనక సీటు కిందే, బండి నేల మధ్యలో పొడుగునా ఉబ్బి ఉండే దండె మీద కొట్టి ఉంటుంది. 1965 మోడల్ నుంచి వేరియంట్‌కు అది 36తో మొదలవుతుంది. 31 కనబడితే అది వేరే బాడీకి చెందిన ఛాసిస్, బేరం అక్కడితో ఆపేయండి. నంబరు సరిపోయి, బండికి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయకుండా ఉంటే 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ అడగొచ్చు. కొత్తగా అయితే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు తిరగడం కుదరదు.