ఘాట్ దిగే నేకెడ్ బైకుకు ఇంటి సర్వీసింగు: ముందు బ్రేకులు, తరువాతే ఆయిలు

తిరుపతిలో డ్యూక్, ఎంటీ-15 వంటి నేకెడ్ బైకులు (ఇంజనును కప్పే తొడుగు లేనివి) ఉన్నవారు ఇంట్లో సర్వీసింగు అనగానే ఇంజనాయిలు డబ్బా అందుకుంటారు. ఆయిలు మార్చవలసిందే గాని, ఈ ఊరి బండికి మొదట చూడవలసింది బ్రేకులు, ఆ తరువాత చైను. అలిపిరి దాటి పైకి ఎక్కేటప్పుడు శ్రమ ఇంజనుది. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదుగా మలుపు మలుపుకూ వేగం తగ్గించుకుంటూ దిగేటప్పుడు ఆ శ్రమలో పెద్ద వాటా డిస్కుల మీద పడుతుంది. భాకరాపేట కనుమలోనూ ఇదే పరిస్థితి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. దిగుడులో ఆపకుండా బ్రేకు పట్టుకుంటే డిస్కును ప్యాడ్లతో నొక్కే కాలిపర్ వేడెక్కి, పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవంలా కాక ఆవిరి నొక్కుకుపోతుంది కనుక లీవరు మెత్తబడి హ్యాండిల్‌కు తగులుతుంది గాని బండి ఆగదు. అందువల్ల రంగు బాగానే కనిపించినా రెండేళ్ళకు ఒకసారి దానిని మార్చాలి. కొనేటప్పుడు బండి బ్రేకు ఆయిలు డబ్బా మూత మీద రాసిన రకమే, సీలు తీయని చిన్న సీసాగా తీసుకోవాలి. నిరుడు సగం వాడి అటక మీద పెట్టినది పనికిరాదు.

ఈ బండ్లకు సెంటర్ స్టాండు ఉండదు కాబట్టి వెనుక చక్రాన్ని పైకి లేపి నిలిపే ప్యాడాక్ స్టాండు కొనుక్కోవడం మంచిది. పని మొదలుపెట్టే ముందు ట్యాంకు మీద తడిగుడ్డ పరచాలి, ఎందుకంటే బ్రేకు ఆయిలు చుక్క పడితే పెయింటు లేచిపోతుంది. పడిన వెంటనే నీళ్ళతో కడగాలి. కాలిపర్ బ్లీడింగ్ స్క్రూకు రింగు పానా తగిలించి, దాని మొనకు పారదర్శకమైన సన్నని గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం కొత్త ఆయిలు పోసిన సీసాలో ముంచాలి. లీవరు నొక్కి పట్టుకుని స్క్రూను పావు చుట్టు వదులు చేస్తే టీ డికాషన్ రంగు ఆయిలు గొట్టంలోకి జారుతుంది. స్క్రూ బిగించిన తరువాతే లీవరు వదలాలి. బుడగలు ఆగి, తేట ఆయిలు వచ్చేదాకా ఇలాగే చేస్తూ, పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. ఏబీఎస్ బండిలో గాలి లోపలి యూనిట్ దాకా వెళితే దానిని ఇంట్లో తీయడం సాధారణంగా కుదరదు, షోరూములోని పరికరం కావలసి వస్తుంది.

ప్యాడ్ మీది గాడి కనిపించనంతగా అరిగితే కొత్తవి వేయాలి. అవి పట్టేలా కాలిపర్ పిస్టన్లను వెనక్కు నెట్టేటప్పుడు పై డబ్బా పొంగుతుందేమో గమనించాలి. పని ముగిశాక, బండిని అంగుళమైనా కదిలించక ముందే, లీవరు గట్టిపడేదాకా పదేపదే నొక్కాలి.

చైను శుభ్రం చేసేటప్పుడు ఇంజను ఆఫ్ చేసి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. గేరు వేసి ఇంజనుతో తిప్పేవారి వేళ్ళు చైనుకూ స్ప్రాకెట్‌కూ మధ్య నలిగిపోతాయి. పెట్రోలు, ఇనుప బ్రష్ చైనులోని రబ్బరు రింగు సీళ్ళను పాడుచేస్తాయి కనుక కిరసనాయిలు లేదా చైను క్లీనరు, మెత్తని బ్రష్ వాడాలి. తుడిచి ఆరాక లూబ్ కొట్టేటప్పుడు టైరు మీద పడకుండా అట్టముక్క అడ్డు పెట్టాలి. చైను లూజు ఎంత ఉండాలో, సైడ్ స్టాండు మీద కొలవాలా నిటారుగా కొలవాలా అన్నది మాన్యువల్ చెబుతుంది. చైను అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటనే కొలవాలి. కొండకు ఇద్దరు కూర్చుని వెళ్ళే బండికి చైను బిగువు మరీ ప్రమాదం: బరువుకు వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ పైకి లేచి చైను ఇంకా బిగుసుకుంటుంది, ఆ లాగుడు గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. సరిచేశాక రెండు వైపుల గుర్తులూ సమానంగా ఉన్నాయో లేదో చూసి, యాక్సిల్ నట్టును టార్క్ రెంచ్‌తో బిగించాలి.

ఆయిలు సంగతి చిన్నది. ఇంజను కొద్దిగా వేడెక్కాక వదలడం, కొత్త వాషరు వేయడం, క్లచ్ జారకుండా జాసో ఎంఏ2 గుర్తు ఉన్న బైకు ఆయిలే పోయడం, పాతదానిని మురుగు కాలువలో పోయకుండా పోగుచేసే మెకానిక్కుకు ఇవ్వడం, అంతే. చిత్తూరు వైపు గ్రానైటు లారీల వెనుక తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును పుస్తకంలోని గడువు కంటే ముందే విప్పి చూడాలి. కాగితపు ఫిల్టరును కడగరాదు. వేడి ఇంజను మీద రేడియేటర్ మూత తీయరాదు.

కొత్త ప్యాడ్లు వేసిన బండిని అదే రోజు కొండకు తీసుకువెళ్ళకుండా, రద్దీ లేని సమతల రోడ్డు మీద మొదట నెమ్మదిగా, తరువాత కొంచెం గట్టిగా బ్రేకులు వేస్తూ అవి డిస్కుకు ఒదిగేదాకా నడపాలి.