ఎర లేకుండా నల్ల ఎలుగు వేట, 4వ పాఠం: కనబడింది, వెళ్లేసరికి లేదు

ఈసారి ఎలుగు సైజు అంచనా వేయడం చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి కొండలెక్కిన వాళ్లలో చాలామంది రాసింది ఒకటే: ఎదుటి వాలు మీద ఎలుగు కనబడింది, గంటసేపు కష్టపడి అక్కడికి చేరితే లేదు. తప్పు నాదే. దక్షిణం వైపు వాలుల్లో మంచు ముందు కరుగుతుంది, గడ్డి ముందు మొలుస్తుంది, అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఏప్రిల్ 15న వేట సీజన్ మొదలయ్యాక ఎలుగు ఆ గడ్డికీ, కలప లారీల కోసం వేసి తర్వాత మూసేసిన రోడ్ల మీద పెరిగే క్లోవర్ అనే మేత మొక్కకీ వస్తుంది అని ఎక్కడ వెతకాలో అంతా చెప్పి, కనబడ్డాక ఎటునుంచి నడవాలో రెండు వాక్యాల్లో తేల్చేశాను.

లైసెన్సు, వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ నియమాలు, గ్రిజ్లీ అనే మరో జాతి ఎలుగును గుర్తుపట్టే పరీక్ష మొదటి పాఠంలో అయిపోయాయి. ఇది మోంటానా గురించి, ఇక్కడ ఎర పెట్టడం చట్టవిరుద్ధం. ఇండియాలో చదువుతున్నవాళ్లకు ఒక మాట: మన దగ్గర ఎలుగును వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్కడ ఆ ఆలోచనే వద్దు.

ఇక అసలు సంగతి, గాలి. మీలో ఎక్కువమంది ఫోన్‌లో వాతావరణం యాప్ చూసి "పడమటి గాలి, కాబట్టి తూర్పు నుంచి వెళ్లాను" అని రాశారు. దయచేసి ఆ యాప్ మూసేయండి. అది చెప్పేది ఆ ప్రాంతమంతటికీ వేసిన అంచనా. మీరు, ఎలుగు ఉన్న లోయలో గాలి ఎండ చెప్పినట్టు నడుస్తుంది. పొద్దున చలిగాలి బరువుగా కిందికి జారుతుంది. వాలు మీద ఎండ పడి నేల వేడెక్కాక పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి దిగుతుంది. ఆ మారే సమయంలో కాసేపు ఎటూ కాకుండా సుడులు తిరుగుతుంది, వసంతంలో ఎలుగు మేతకు బయటికొచ్చేది సరిగ్గా అప్పుడే. ఎలుగు కంటి నుంచి తప్పించుకోవచ్చు, అది తల దించి మేస్తున్నప్పుడు అడుగు వేసి తల ఎత్తినప్పుడు ఆగితే చాలు. ముక్కు దగ్గర మాత్రం రెండో అవకాశం ఉండదు.

నా మొదటి వసంతంలో మధ్యాహ్నం మూడున్నరకు కలప రోడ్డు మీద ఒకటి కనబడింది. ఎండ ఉంది, గాలి పైకి లేస్తోంది, కాబట్టి పైనుంచి దిగుదామనుకున్నాను. ఆలోచన సరైనదే, కానీ చుట్టు తిరిగి చేరేసరికి ఐదున్నర అయింది, పక్క కొండ నీడ వాలు మీదికి వచ్చేసింది. నా వాసన నాకంటే ముందే దిగిపోయింది. ఎలుగు వెనక కాళ్ల మీద లేచి ఒక్కసారి ముక్కు ఎత్తి, పొదల్లోకి వెళ్లిపోయింది.

అందుకే బయలుదేరే సమయంలో గాలి ఎటుందని కాదు, చేరే సమయానికి ఎటు ఉంటుందని లెక్క వేయాలి. నేనైతే పైనుంచీ కిందినుంచీ రెండూ మానేశాను. ఎలుగు ఉన్న ఎత్తులోనే, వాలుకు అడ్డంగా, పక్కనుంచి వెళతాను. గాలి పైకి పోయినా కిందికి పోయినా దానికి తగలదు. దూరం ఎక్కువ, కాళ్లు నొప్పి, అయినా ఇదే నా దారి. ఒక హెచ్చరిక: మంచు మిగిలిన గండిలో మధ్యాహ్నం కూడా చలిగాలి కిందికే జారుతుంటుంది. మోంటానాలోని బిటర్‌రూట్ కొండల్లో తిరిగిన ఒకాయన ఉత్తరం చూస్తే, ఆయనకు ఎలుగు తప్పిపోయింది అక్కడే.

మన రైతు తూర్పారబట్టేముందు చేటెత్తి గాలి చూసుకుంటాడు. మీరూ అలాగే నొక్కితే వంగే చిన్న సీసాలో టాల్కం పౌడర్ పోసుకుని ప్రతి యాభై అడుగులకూ ఒకసారి నొక్కి, పొడి ఎటు పోతుందో చూడండి. ఒంటి వాసన బయటికి రానివ్వవనే ఖరీదైన బట్టలు నేను కొనను, పౌడర్ సీసా లేకుండా మాత్రం కారు దిగను.

బయలుదేరే ముందు అరగంట కూర్చుని చూడటం మర్చిపోవద్దు. తల్లి మేస్తుంటే పిల్లలు చెట్టెక్కి ఉండొచ్చు, పిల్లలున్న తల్లిని కాల్చడం నేరం. అలాగే ఎలుగు దగ్గరున్న కాలిన చెట్టునో, తెల్ల బండనో ఫోన్‌లో ఫోటో తీసుకోండి, అక్కడికెళ్లాక కొండ వేరేలా కనిపిస్తుంది.

అభ్యాసం. మూడు సాయంత్రాలు తుపాకీ లేకుండా, బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే మిరప ఘాటు స్ప్రే) మాత్రం నడుముకు పెట్టుకుని, ఒకే వాలు మీద మధ్యాహ్నం రెండు నుంచి చీకటి పడేదాకా కూర్చోండి. పది నిమిషాలకోసారి పౌడర్ నొక్కి అది ఎటు పోయిందో రాసుకోండి. నాలుగో రోజు ఏదైనా జింకకు అరవై గజాల దాకా పక్కనుంచి వెళ్లి, అది తల ఎత్తకముందే వెనక్కి వచ్చేయండి. నీడ పడిన నిమిషం, పొడి దిశ మారిన నిమిషం, రెండూ నాకు పంపండి. వాటిని చూశాకే ఐదో పాఠం మొదలుపెడతాను.