పాట విన్నారు, వెతికితే దొరకట్లేదు: సొంతంగా పాటలు విడుదల చేసేవారి సమస్యలు - పరిష్కారాలు

ఇంట్లో రికార్డు చేసుకుని, సొంతంగా పాటలు వదులుతున్న కుర్రాళ్లు కోనసీమలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే. రావులపాలెంలో మేడ మీద గది, ఒక మైకు, కిటికీకి దుప్పటి. తెలిసినవాళ్లు ఫోన్ చేసి "ప్రమోషన్ సరిపోవట్లేదన్నా, ఎక్కడ డబ్బు పెట్టాలి?" అని అడుగుతుంటారు. తీరా చూస్తే పాట విన్నవాడికి అది మళ్లీ దొరికే దారే ఉండదు. ఆ దారి వేయకుండా డబ్బు పెడితే చిల్లుల కుండలో నీళ్లే. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

"మీ పాట ఎతికానండి, దొరకలేదండి"

నా రెండో పాటను అంబాజీపేట వైపు ఒక మైక్‌సెట్ ఆయన పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. ఒక పెళ్లిలో మోగింది. ఎవరో దగ్గరికొచ్చి "ఇదేం పాటండీ?" అని అడిగారట. ఆయన ప్లేయర్ వైపు చూస్తే అక్కడ కనిపించిన పేరు "ఫైనల్ మిక్స్ 3 కొత్తది". ఆయనకు తెలియదు, అడిగినవాళ్లకు తెలియదు, పాట ఆ పందిట్లోనే ఆగిపోయింది. తప్పు పూర్తిగా నాదే.

కారణాలు సాధారణంగా మూడు. ఒకటి, ఇలా ఫైలుకు పేరు లేకపోవడం. రెండోది ఇంగ్లీషు స్పెల్లింగ్. 'గోదారి' అన్న ఒక్క మాటనే ఒకరు 'డి'తో కొడతారు, ఇంకొకరు పక్కన 'హెచ్' తగిలిస్తారు, మూడోవారు 'గోదావరి' అని పూర్తిగా కొట్టేస్తారు. మీరు స్పాటిఫైలో ఒకలా, యూట్యూబ్‌లో ఒకలా, పోస్టర్ మీద ఇంకోలా రాసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మూడోది, మీ పేరే ఉన్న మరో గాయకుడి పేజీలో మీ పాట పడిపోవడం. మన పేర్లు ఊరికి పదిమందికి ఉండేవే కదా.

ఏం చేయాలంటే, స్పెల్లింగ్ ఒక్కటే ఖాయం చేసి అన్నిచోట్లా అదే వాడండి. మిగతా రకాలను యూట్యూబ్ వివరణలో మామూలు వాక్యాల్లో ఇరికించండి. తెలుగు లిపిలో పేరు తప్పకుండా ఉండాలి. ఎవరికైనా ఫైలు ఇచ్చేముందు పాట పేరు, గాయకుడి పేరు ఫైలు పేరులోనూ, లోపలి ట్యాగుల్లోనూ పెట్టండి. పాటను స్పాటిఫై, జియోసావన్, ఆపిల్ మ్యూజిక్‌కు పంపే డిస్ట్రిబ్యూటర్ సైటు, అప్‌లోడ్ సమయంలో "మీకు ఇప్పటికే పేజీ ఉందా?" అని అడుగుతుంది. అక్కడ గబగబా దాటేయకుండా మీ పేజీ లింకు ఇవ్వండి. అప్పటికే వేరేవారి పేజీలో పడిపోయి ఉంటే డిస్ట్రిబ్యూటర్‌కు రాసినా, గాయకుల కోసం స్పాటిఫై నడిపే స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో ఫిర్యాదు పెట్టినా మారుస్తారు. పాటను తీసేసి మళ్లీ పంపాల్సి వస్తే మాత్రం పాత ఐఎస్ఆర్‌సీ కోడే వాడాలి. ఒక్కో రికార్డింగుకు ఒక్కటే ఉండే 12 అక్షరాల గుర్తు అది. కొత్తది తీసుకుంటే పాత లెక్కలు కలవకపోవచ్చు.

విడుదలకు ముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. పాలకొల్లులో మా మేనత్తకు ఫోన్ చేసి పాట పేరు ఒక్కసారి చెబుతాను. ఆవిడ టైప్ చేయదు, యూట్యూబ్‌లో మైకు గుర్తు నొక్కి పలుకుతుంది. మన దగ్గర చాలామంది వెతికేది అలాగే. ఆవిడ పలికితే ఏం వస్తోందో చూసి, సినిమా పాటలే వరసగా వస్తుంటే నేను పేరు మార్చేస్తాను.

విడుదల రోజున చడీచప్పుడూ లేదు

గురువారం అప్‌లోడ్ చేసి శుక్రవారం విడుదల అన్నారా? అయితే కారణం అదే. స్పాటిఫై సంపాదకుల ప్లేలిస్టుల కోసం విన్నవించుకోవాలంటే పాట ఇంకా విడుదల కాకూడదు. కనీసం 7 రోజుల ముందు విన్నవిస్తే, మిమ్మల్ని ఫాలో అవుతున్నవారి రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టు‌లోకి ఆ పాట వెళుతుంది. డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి పాట అక్కడికి చేరడానికే కొన్ని రోజులు పడుతుంది కాబట్టి నాలుగు వారాల గడువు పెట్టుకోవడం మేలు.

తేదీ విషయం కూడా చూసుకోవాలి. సంక్రాంతి పాట చేసి భోగి నాడు వదిలేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. హైదరాబాద్, బెంగళూరు నుంచి కుర్రాళ్లంతా ఊళ్లలోనే ఉంటారు, నిజమే. కానీ అప్పటికి సినిమా పాటలు ఊరిని కమ్మేసి ఉంటాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే డీజే బళ్లలో పాటల వరస కూడా ఖాయమైపోతుంది. ధనుర్మాసం మొదలయ్యేసరికి, అంటే డిసెంబర్ మధ్యలో, పాట బయట ఉండాలి. అంటే డిస్ట్రిబ్యూటర్‌కు నవంబర్ మధ్యకల్లా చేరాలి. దీపావళి టపాసుల సందడిలోనే సంక్రాంతి పాట మిక్సింగ్ చేసుకోవడం వింతగానే ఉంటుంది, అలవాటైపోతుంది.

వినడం మొదలుపెట్టినవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతున్నారు

నా మొదటి పాట 45 సెకన్ల తెడ్డు చప్పుడుతో మొదలవుతుంది. కోటిపల్లి రేవులో తెల్లవారుజామున రికార్డు చేసుకొచ్చాను. నాకు ప్రాణం, వినేవాళ్లకు టెన్షన్. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక వినికిడిగా లెక్క. అంటే గొంతు విప్పకముందే సగంమంది లెక్కలోంచి జారిపోతున్నారు. పూర్తి పాటను అలాగే ఉంచుకుని, గొంతు 10 సెకన్లలోపే వచ్చేలా చిన్న రూపం ఒకటి చేసి దాన్ని ముందు వదలండి. తెడ్డు చప్పుడును వీడియోకు వాడుకోవచ్చు.

ఇయర్‌ఫోన్లలో అదిరింది, తీర్థంలో గొంతే వినపడలేదు

మన ప్రాంతంలో పాట పాకేది సగం మైక్‌సెట్ల మీదే కాబట్టి దీన్నీ ప్రచారం లెక్కలోనే వేస్తాను. గొంతు విశాలంగా వినిపించాలని స్టీరియో వైడనర్ వాడతాం. చాలా మైక్‌సెట్లు ఎడమ, కుడి చానళ్లను కలిపి ఒక్కటిగా మోగిస్తాయి. ఆ రెండింటిలో శబ్దం ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉన్నచోట, కలిసేసరికి చెల్లుకుపోతుంది. ఇక గొట్టం మైకుల్లో లోతైన బేస్ ఎలాగూ రాదు. మిక్స్‌ను మోనోలో, అంటే రెండు చానళ్లూ కలిపి పెట్టి, ఫోన్ స్పీకర్ మీద ఒకసారి వినండి. గొంతు వెనక్కి పోతే వైడనర్ తీసేయండి. వీలైతే ఖాళీ రోజున ఏదో మైక్‌సెట్ షాపుకు వెళ్లి వినిపించుకోండి. టీ ఇప్పిస్తే సరి, కాదనరు.

రీల్ పేలింది, పాట మాత్రం కదల్లేదు

వీడియోతో పాటే శబ్దాన్ని కలిపి రీల్ పెడితే, ఇన్‌స్టాగ్రామ్ దాన్ని 'ఒరిజినల్ ఆడియో' అంటుంది. వేలమంది వాడుకున్నా దానికీ మీ పాటకూ ముడి పడదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లకు కూడా పంపే ఎంపికను ఆన్ చేయండి. పాట అక్కడి మ్యూజిక్ లైబ్రరీలో చేరాక, అందులోంచే ఎంచుకుని రీల్ చేయండి. ఈ ఒక్క పని కోసం రీల్ నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు.

ఒక్క రాత్రిలో వేల వినికిడులు, తర్వాత పాటే మాయం

"ఇంత కడితే ఇన్ని ప్లేలు" అన్నవాడికి నేనూ ఒకసారి కట్టాను. అవన్నీ బాట్లు, అంటే మనుషులు కాదు, ప్రోగ్రాములు. స్పాటిఫై 2024 నుంచి, దొంగ వినికిడులు మరీ ఎక్కువగా దొరికిన పాటలకు డిస్ట్రిబ్యూటర్ల మీద రుసుము వేస్తోంది. ఆ కోపం చివరికి మన ఖాతా మీదే తీరుతుంది. పాట తీసేశాక బతిమాలుకోవడం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. ఇప్పుడే కట్టి ఉంటే వెంటనే ఆపించి, మీ అంతట మీరే డిస్ట్రిబ్యూటర్‌కు చెప్పండి.

నా పాటకే నాకు కాపీరైట్ క్లెయిమ్!

గాభరా పడకండి. చాలాసార్లు ఆ క్లెయిమ్ మీ డిస్ట్రిబ్యూటర్‌దే. మీ పాట ఎవరి వీడియోలో ఉన్నా యూట్యూబ్ గుర్తుపట్టే కంటెంట్ ఐడీ ఆన్ చేసి, మీ చానల్‌ను మినహాయింపుల్లో పెట్టలేదన్నమాట. పెట్టమంటే పోతుంది. నెట్‌లో లైసెన్స్ కొన్న బీట్ మీద పాడితే సంగతి వేరు. అదే బీట్ ఇంకో వందమందికీ అమ్మి ఉంటారు, అలాంటి పాటకు కంటెంట్ ఐడీ వేయనే కూడదు. తరతరాలుగా వస్తున్న పడవ పాటలు, కోతల పాటలు జనం సొత్తే, మీ బాణీలో పాడుకోవచ్చు. ఇంకొకరి రికార్డింగులోంచి ముక్క కోసుకుంటే మాత్రం క్లెయిమ్ న్యాయమే.

వ్యూస్ ఉన్నాయి, డబ్బు లేదు

స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 వినికిడులు చేరని పాటకు రికార్డింగు రాయల్టీ రాదు. యూట్యూబ్ ప్రకటనల వాటాకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, వారితో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ గంటల్లోకి రాదు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు, వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంఘమైన ఐపీఆర్ఎస్‌లో సభ్యులు కావాలి. ఆ రాయల్టీ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే డబ్బులో కలిసి ఉండదు, వేరే దారిలో వస్తుంది.

వాటాలు ఎవరికెంతో విడుదలకు ముందే కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. నా నాలుగో పాటకు రాసుకోలేదు. పాట రాసిన మిత్రుడు ఇప్పటికీ ఇంటికొస్తాడు, కాఫీ తాగుతాడు. ఆ పాట ఊసు మాత్రం ఇద్దరం ఎత్తం.