పెద్దవాళ్లకి చదువు చెప్పడం ఎలా: పెద జాలారిపేట నుంచి కొన్ని మాటలు

పెద్దవాళ్లకి పాఠం చెప్పబోతుంటే పుస్తకాల కన్నా ముందు కళ్లద్దాల సంగతి చూడండి. నలభై దాటాక చత్వారం వస్తుంది. అక్షరం మసగ్గా కనిపిస్తుంటే ఆ మాట చెప్పడానికి మొహమాటపడి, "నాకు బుర్రకెక్కదమ్మా" అనేసి లేచిపోతారు. కంటి పరీక్ష చేయించి, గదిలో మంచి లైటు పెట్టించి, అక్షరాలు పెద్దగా రాస్తే ఆ బుర్రే చక్కగా పనిచేస్తుంది.

నేను విశాఖ పెద జాలారిపేటలో చేపలు అమ్ముకునే ఆడవాళ్లకి చదవడం, రాయడం, ఫోన్‌లో డబ్బులు చూసుకోవడం నేర్పుతాను. వాళ్లు నన్ను పంతులమ్మ అంటారు. నేను వయసుని బట్టి అప్పా (అంటే అక్కా) అనో పిన్నీ అనో పిలుస్తాను. కొత్తగా వచ్చే వలంటీర్లందరూ ఎక్కడ మొదలుపెట్టాలనే అడుగుతారు. నా జవాబు ఒక్కటే: ఆవిడకి ఇప్పటికే వచ్చినదాని దగ్గర, ఆవిడకి ఈ వారం అవసరమైనదాని దగ్గర.

"ఏం నేర్చుకుంటారు?" అని అడిగితే, "మీరేది చెప్తే అదే" అంటారు. అలా కాకుండా, "ఈ మధ్య ఎక్కడ ఇబ్బంది పడ్డారు?" అని అడగండి. ఒకరు బస్సు బోర్డు అంటారు, ఇంకొకరు డ్వాక్రా పుస్తకం అంటారు. "ఫోన్లో ఏసీసినాను అన్నాది, ఎల్లిపోనాది. డబ్బులు పడ్డాయో నేదో నాకేటి తెలుస్తాది పంతులమ్మా?" అని చేపలు కొన్న మనిషి గురించి ఒకావిడ అడిగింది. మీ మొదటి పాఠం అదే. పెద్దవాళ్ల చదువు గురించి బాగా ఆలోచించిన అమెరికన్ విద్యావేత్త మాల్కమ్ నోల్స్ కూడా ఇదే చెప్పాడు: ఇది నాకెందుకు అన్నది పెద్దవాళ్లకి ముందు తెలియాలి, ఎదురుగా ఉన్న సమస్య తీరేలా ఉంటేనే మనసు పెడతారు.

అక్షరాల దగ్గర నా అభిప్రాయం గట్టిది. అ, ఆ లతో మొదలుపెట్టి వరసగా బండి ఱ దాకా వెళ్లొద్దు. అంత దూరం వెళ్లేలోపు సగంమంది మానేస్తారు. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరీ అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలీలకి 40 గంటల పాఠాలతో చదవడం నేర్పే ప్రయత్నం చేశాడు. వాళ్ల బతుకులోని మాటలనే విడగొట్టి అక్షరాలు చూపించడం ఆయన పద్ధతి. మా దగ్గర ఆ మాటలు వల, పడవ. ఈ రెండిట్లో తలకట్టు తప్ప గుణింతపు గుర్తులేమీ లేవు, వ, ల, ప, డ నాలుగే అక్షరాలు. వాటితోనే వడ కూడా వస్తుంది. ప, వ ఒకేలా ఉన్నాయని తడబడతారు. పడవ అని పెద్దగా రాసి, మొదటి అక్షరం తలకట్టు విడిగా ఉందనీ చివరి అక్షరానిది అంటుకుని ఉందనీ వాళ్ల వేలితోనే తడిమించండి. తర్వాత గ, సున్నా కలపండి. గంప, గంగ, పండగ వచ్చేస్తాయి. గంగమ్మని కొలిచే వాళ్లకి గంగ అని సొంతంగా రాయగలగడం మామూలు విషయం కాదు. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేయండి, సంతోషంతో ఇంటికి వెళ్లనివ్వండి. దీర్ఘం వచ్చాక వాడ, పాప. ఏత్వం దాకా వచ్చాక చేప.

తమకి సంబంధించిన మాట చదివితే పెద్దవాళ్లు ఎంత దూరం వెళ్తారో మన నెల్లూరు జిల్లా చూపించింది. అక్షరాస్యతా ఉద్యమంలో సారా గురించిన పాఠం మీద మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికే వెళ్లారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అందుకే వాచకంలో ఏ మాట పెడుతున్నామో ఆలోచించి పెట్టాలి.

లెక్కలు మాత్రం మీరు నేర్పేది తక్కువ, వినేది ఎక్కువ. చీకటి ఉండగానే హార్బర్‌లో వేలం పాటకి నిలబడి, గంప ధర చూసి, ఐసు, ఆటో ఖర్చు తీసేసి వంజరం ఎంతకమ్మాలో నోటితో తేల్చే మనిషికి కూడిక చెప్పక్కర్లేదు. "పదివేలు తెచ్చావు, నూటికి మూడు రూపాయల వడ్డీ, ఏడాదికెంత?" అని అడగండి. నెలకి 300, ఏడాదికి 3,600 అని తనే చెప్తుంది. ఆ చెప్పినదాన్నే కాగితం మీద ఎలా పెట్టాలో చూపించండి. పలకలు ఇవ్వకండి. అవి పిల్లలవి అనిపిస్తాయి. లాంగ్ నోటుబుక్కు, పెన్ను ఇవ్వండి.

ఫోన్ పాఠానికి ఒక నియమం పెట్టుకోండి: ఆవిడ ఫోన్ మీ చేతిలోకి తీసుకోవద్దు. "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అన్నారంటే పాఠం అయిపోయినట్టే. ఆవిడ వేలే నొక్కాలి, ఎంతసేపైనా మీరు ఆగాలి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య నిజంగా ఒక్క రూపాయి పంపించండి, మెసేజ్ చదివించండి, బ్యాలెన్స్ చూపించండి. కొనేవాళ్ల ఫోన్‌లో కనిపించే టిక్కు చాలదు, మన ఫోన్‌లో డబ్బు పడినట్టు కనిపించాలి. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు, ఎవరైనా కొట్టమన్నారంటే అది మోసం. ఈ రెండు మాటలూ ప్రతి క్లాసులో వాళ్ల నోటితోనే చెప్పించండి. మోసపోతే వెంటనే ఫోన్ చేయాల్సిన నంబరు 1930. దాన్ని పుస్తకం అట్ట మీద రాయించండి.

పదిమందిలో తప్పు చదివించి దిద్దకండి. కోడలో, పక్కింటావిడో చూస్తుండగా చిన్నబోతే మర్నాడు రారు. పక్కన కూర్చుని, ఆ మాటని మీరు సరిగ్గా ఇంకోసారి చదివితే చాలు. ఎవరినీ బోర్డు దగ్గరికి పిలవొద్దు, టెన్షన్ పడతారు. ముందు నేర్చుకున్న అప్పే తర్వాత వచ్చిన అప్పకి చెప్తే మనకన్నా బాగా చెప్తుంది.

నేర్చుకున్నది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ తన మీదే ప్రయోగం చేసి 1885లో రాశాడు. కాబట్టి మరిచిపోయారని విసుక్కోకండి. క్లాసు మొదట్లో పుస్తకం మూయించి, నిన్నటి మాటలు గుర్తు తెచ్చుకుని రాయమనండి. మీరు మళ్లీ చెప్పేయడం కన్నా వాళ్లు కాసేపు తంటాలు పడి గుర్తు తెచ్చుకున్నదే నిలుస్తుంది. రెండ్రోజులు ఆగి ఇంకోసారి, వారం ఆగి మరోసారి.

టైము వాళ్లనే పెట్టనివ్వండి. సాయంత్రం మనకి వీలు, వాళ్లకి వంట. మా క్లాసు మధ్యాహ్నం నిద్ర లేచాక, ముప్పావుగంట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. అప్పుడు తీరిక ఉంటుంది కానీ చేతిలో డబ్బుండదు. గుణింతాల్లాంటి పెద్ద పాఠాలు ఆ రెండు నెలలకి ఉంచండి, చందా మాత్రం అడక్కండి. మళ్లీ వేట మొదలయ్యాక కొందరు నెలల తరబడి రారు. వాళ్ల నోటుబుక్కులు పేర్లు రాసి దాచండి. తిరిగొచ్చిన రోజు ఎందుకు రాలేదని అడక్కుండా, ఆగిన పేజీ తీసి చేతికివ్వండి.