గాల్ బ్లాడర్ తీసేశాక పొట్ట కుదుటపడకపోతే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

ఆపరేషన్ అయి రెండు మూడు నెలలు దాటింది. కుట్లు మానిపోయాయి, స్కానింగ్‌లో అంతా బాగుందన్నారు. పొట్ట మాత్రం ఇంకా మునుపటిలా లేదు. ఇది అలాంటి వాళ్ల కోసం. కొంచెం కొంచెంగా తినండి, వేపుళ్లు తగ్గించండి అనే మాటలు డిశ్చార్జి రోజే విని ఉంటారు కాబట్టి మళ్లీ చెప్పను. డైటీషియన్‌గా నేను రోజూ చూసేది ఆ మాటలన్నీ పాటించినా ఇబ్బంది పోనివాళ్లనే.

మొదట ఒక హెచ్చరిక. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, మలం సున్నంలా తెల్లబడటం, చలితో జ్వరం, కుడివైపు పక్కటెముకల కింద ఆగని నొప్పి, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి ఉంటే ఆపరేషన్ చేసిన చోటికే, ఆ రోజే వెళ్లాలి.

మందుల డబ్బా, నూనె ప్యాకెట్లు

దాదాపు అందరూ వదిలేసేది ఇక్కడే. ఖరీదైన పరీక్షలు చేయించుకుని వస్తారు. ఏయే మాత్రలు వాడుతున్నారని అడిగితే "షుగర్‌ది, బీపీది, మామూలువే" అంటారు. ఆ మామూలు మాత్రల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టండి.

షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ చాలామందికి విరేచనాలు తెస్తుంది. గాల్ బ్లాడర్ లేనప్పుడు ఆ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువగా కనిపించవచ్చు. మీ అంతట మీరు ఆపకండి. నెమ్మదిగా కరిగే రకానికి మార్చడమో, డోసు సర్దడమో డాక్టర్ చేస్తారు. గ్యాస్ కోసం తాగే కొన్ని తెల్ల సిరప్‌లలో మెగ్నీషియం ఉంటుంది, అదీ మోషన్‌ని పలుచన చేస్తుంది. ఆపరేషన్ కొత్తలో మలబద్ధకం కోసం మొదలుపెట్టిన చూర్ణాన్ని ఇప్పటికీ రాత్రిళ్లు వేసుకుంటూ, పగలు విరేచనాలకు మందు అడిగేవాళ్లున్నారు. సీసా మీద సునాముఖి అని రాసి ఉందేమో చూడండి.

తర్వాత నూనె. "మా ఇంట్లో నూనె చాలా తక్కువండీ" అనే మాటతో కొలత తెలియదు. నెలకు ఎన్ని లీటర్ ప్యాకెట్లు కొంటున్నారో చూసి, ఇంట్లో తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన నమూనా భోజనంలో 2000 కేలరీలకు నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములే ఉన్నాయి. అంటే మనిషికి నెలకు లీటరు కూడా పట్టదు. నలుగురున్న ఇంట్లో ఆరు ప్యాకెట్లు అయిపోతుంటే, ఆవకాయలో తేలే నూనె, బయట తిన్న మిర్చి బజ్జీ లెక్కలోకి రాకముందే ఎక్కువ తింటున్నట్టు.

రోజు మొత్తం ఎంత అన్నదానికంటే ఒక్క పూటలో ఎంత పడింది అన్నది మీకు ముఖ్యం. వారమంతా చప్పిడి తిని, ఆదివారం బిర్యానీ తిని, సోమవారం సెలవు పెట్టేవాళ్లు అదే నూనెను మూడు పూటలకు, ఏడు రోజులకు పంచుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

తిన్నాక పొట్ట బరువు, ఉబ్బరం

కారణం ఎక్కువగా పైన చెప్పినదే: ఒకే పూటలో నూనె, నెయ్యి ఎక్కువ కావడం. అది కాకపోతే పాలు. ఒక వారం పాలు, పాల కాఫీ ఆపి పెరుగు, మజ్జిగ మాత్రమే ఉంచండి. తేడా తెలిస్తే కారణం దొరికినట్టే. శనగలు, రాజ్మా, క్యాబేజీ లాంటివి ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టండి. అన్నీ ఒకే రోజు మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు.

గుండెల్లో మంట, పులితేన్పులు, నోట్లో చేదు

ఇది ఆపరేషన్‌కి ముందు కూడా ఉండేదా? ఉండేదంటే, చాలాసార్లు ఈ మంటకు కారణం గాల్ బ్లాడర్‌లోని రాళ్లు కాకపోవచ్చు. మంట కోసం స్కానింగ్ తీస్తారు, రాళ్లు కనిపిస్తాయి, ఆపరేషన్ అవుతుంది, మంట ఉన్నచోటే ఉంటుంది. ఆపరేషన్ ఫెయిలైందని బాధపడకండి, ఎసిడిటీకి విడిగా వైద్యం చేయించుకోవాలి. రాత్రి భోజనానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉంచండి, మంచం తలవైపు ఎత్తు పెట్టండి. కొందరిలో పసరు (కాలేయం తయారుచేసే పైత్యరసం) కడుపులోకి ఎగదన్నడం వల్ల కూడా మంట, చేదు వస్తాయి. మాత్రలు వాడినా తగ్గకపోతే ఎండోస్కోపీ చేయించుకోవాలి.

ఉదయం టిఫిన్ కాగానే బాత్రూంకి పరుగు

ఎక్కువమంది ఏళ్ల తరబడి బాధపడేది దీనితోనే. డాక్టర్లు కూడా దీన్ని తరచుగా వేరే జబ్బనుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

లక్షణాలు ఇలా ఉంటాయి. విరేచనం నీళ్లలా, పసుపుగా, ఒక్కోసారి ఆకుపచ్చగా ఉంటుంది. వచ్చిందంటే ఆపుకోలేరు. వెళ్లొచ్చాక మలద్వారం దగ్గర మంట. రోజులో మొదటిసారి తిన్న వెంటనే ఎక్కువ, నూనె వస్తువులు తిన్న రోజు ఇంకా ఎక్కువ. జ్వరం ఉండదు, రక్తం ఉండదు. మలం పరీక్ష, రక్త పరీక్ష, చివరికి కొలనోస్కోపీ కూడా నార్మల్ అని వస్తాయి. ఇక ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ దొరకకుండా పేగులు ఇబ్బంది పెట్టడం) అంటారు, లేకపోతే టెన్షన్ తగ్గించుకోమంటారు. అమీబియాసిస్ (పేగులో అమీబా ఇన్‌ఫెక్షన్) అని, దానికి వాడే మెట్రోనిడజోల్ కోర్సు మీద కోర్సు రాస్తారు. ఈ విరేచనాలు వాటంతట అవే ఒక వారం తగ్గి, మరో వారం పెరుగుతుంటాయి. తగ్గిన వారం ఆ కోర్సు పనిచేసిందనుకుంటారు, పెరగగానే మళ్లీ అదే మందు కొంటారు.

అసలు కారణం పైత్యరసం. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. గాల్ బ్లాడర్ దాన్ని చిక్కబరిచి దాచి, మనం తిన్నప్పుడు వదిలేది. ఇప్పుడు మేడమీద ట్యాంకు తీసేసి పైపును నేరుగా కుళాయికి కలిపినట్టయింది: రాత్రి మీరు నిద్రలో ఉన్నా పేగులోకి చుక్కచుక్కగా పడుతూనే ఉంటుంది. అందులోని పైత్య ఆమ్లాలలో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చి కాలేయానికి పంపుతుంది. ఆ పీల్చుకునే శక్తికి మించి వచ్చినవి పెద్దపేగులోకి జారతాయి. అక్కడ అవి నీటిని పేగులోకి లాగి, పేగు కదలికను వేగం చేస్తాయి. ఉదయం టిఫిన్ లోపలికి వెళ్లగానే పేగులన్నీ కదలడం మొదలుపెడతాయి కాబట్టి పరుగు ఆ సమయానికే వస్తుంది.

ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరికీ ఇది రాదు. సుమారుగా పదిమందిలో ఒకరికి వస్తుందనుకోవచ్చు. వారిలోనూ చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. అందుకే మొదటి నెలలో కంగారుపడక్కర్లేదు. మూడు నెలలైనా అలాగే ఉంటే ఊరుకోకూడదు. ఆపరేషన్ అయిన చాలా కాలానికి మొదలైనవాళ్లూ ఉన్నారు, కాబట్టి "అది ఎప్పుడో అయిన ఆపరేషన్ కదా, దానికీ దీనికీ ఏం సంబంధం" అనుకోకండి. కొత్త డాక్టర్‌కి గాల్ బ్లాడర్ లేదన్న సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. కడుపు మీద చిన్న మచ్చలే ఉంటాయి కాబట్టి మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే అవకాశం తక్కువ.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది, దీనివల్ల జనం తిండి మానేయడం. బస్సులో స్కూలుకి వెళ్లే టీచరు మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా తాగరు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు. నెలల తరబడి జావ, చారన్నం మీదే బతుకుతారు. నూనె పూర్తిగా మానేస్తే బరువు తగ్గి నీరసపడతారు, కొవ్వులో కరిగే విటమిన్లు కూడా తగ్గుతాయి. అంత శిక్ష అక్కర్లేదు.

చేయాల్సింది వరుసగా చెప్తాను. నూనెను పూటలకు పంచండి. పరగడుపున కాఫీ తాగే అలవాటుంటే టిఫిన్ తర్వాతకు జరపండి. రెండు ఇడ్లీలు పల్చని సాంబారుతో తినడానికీ, నెయ్యి కారప్పొడి దోసె తినడానికీ మీ పొట్ట తేడా చెప్తుంది. దాంతోపాటు ఇసబ్‌గోల్ పొట్టు ఒక చెంచా, గ్లాసు నీళ్లలో కలిపి, భోజనం వేళ మొదలుపెట్టండి. ఇసబ్‌గోల్ మలబద్ధకానికే కదా అని అందరూ అడుగుతారు. అది నీటిని పట్టుకుని జిగురులా మారుతుంది, అందుకే పల్చటి మోషన్‌ని కూడా గట్టిపరుస్తుంది. దీనికి రెండు వారాలు ఇవ్వండి.

అప్పటికీ తగ్గకపోతే గ్యాస్ట్రో డాక్టర్‌ని ఈ మాటే సూటిగా అడగండి: "ఇవి పైత్య ఆమ్లాల వల్ల వచ్చే విరేచనాలేమో, కొలెస్టిరమిన్ వాడి చూడవచ్చా?" పేగులోనే ఉండి పైత్య ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోయే పొడి అది. రక్తంలోకి వెళ్లదు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు జీపీని, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్‌ని, సెహ్‌క్యాట్ స్కాన్ గురించి అడగొచ్చు. వారం తేడాతో రెండుసార్లు తీసే ఆ స్కాన్‌లో ఈ జబ్బు తేలుతుంది. అమెరికాలో ఆ స్కాన్ లేదు. మన దగ్గర మామూలుగా మందు వాడి చూడటమే పరీక్ష, పనిచేస్తే చాలామందికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది.

మందు చేతికొచ్చాక కూడా పొరపాట్లు జరిగే చోట్లు ఉన్నాయి. కొలెస్టిరమిన్ మొదట కొలెస్ట్రాల్ తగ్గించడానికి వచ్చిన మందు. మెడికల్ షాపులో "ఇది కొలెస్ట్రాల్‌ది" అనగానే, నాకు కొలెస్ట్రాల్ లేదే అని పక్కన పెట్టేసిన వాళ్లున్నారు. పొడిని అలాగే నోట్లో వేసుకోకూడదు, నీళ్లలోనో పండ్లరసంలోనో బాగా కలిపి తాగాలి. ఒక సాచెట్‌లో 4 గ్రాముల మందు ఉంటుంది. తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతారు. ఎక్కువైతే మలబద్ధకం, ఉబ్బరం వస్తాయి. అప్పుడు డాక్టర్‌ని అడిగి డోసు తగ్గించాలి. పడలేదని మొత్తం ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఈ పొడి పైత్య ఆమ్లాలతో పాటు మీరు వేసుకునే వేరే మాత్రలనూ పట్టుకుని బయటికి పంపేస్తుంది. మిగతా మందులు దీనికి గంట ముందైనా, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. మన ఆడవాళ్లలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమందో తెలిసిందే, అదీ ఉదయం పరగడుపునే. ఈ పొడి కూడా టిఫిన్ ముందే తాగితే విరేచనాలు తగ్గుతాయి, థైరాయిడ్ మాత్ర మాత్రం సరిగా ఒంటబట్టదు. తర్వాతి పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలనప్పుడు పెరిగే హార్మోన్) పెరిగి ఉంటుంది. కారణం తెలియక థైరాయిడ్ డోసు పెంచుతారు. థైరాయిడ్ మాత్ర ఉదయమే ఉంచి, పొడిని మధ్యాహ్నానికో రాత్రికో మార్చమని డాక్టర్‌ని అడగండి. రక్తం పల్చబడే వార్ఫరిన్, గుండెకు వాడే డిగాక్సిన్, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) బాగా ఎక్కువున్నవాళ్లకు ఈ మందు వాటిని ఇంకా పెంచవచ్చు. ఏడాదికి పైగా వాడేవాళ్లు విటమిన్ డి చూపించుకోవడం మంచిది.

పొడి తాగలేకపోతే కొలిసెవెలామ్ అనే మాత్రలు ఉన్నాయి, దొరుకుతాయో లేదో డాక్టర్‌ని అడగాలి. ప్రయాణాల రోజున విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్ర ఉపయోగపడుతుంది. జ్వరం, రక్తం ఉన్నప్పుడు మాత్రం దాన్ని ముట్టుకోకండి.

మలబద్ధకం

మొదటి వారాల్లో ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, ఐరన్ మాత్రలు, భయంతో పీచు లేని తిండి కారణం. నీళ్లు, బీరకాయ, సొరకాయ, జామపండు, రోజూ నడక. చాలావరకు సరిపోతుంది.

అరుదైనవి

మలం పాలిపోయి, జిడ్డుగా, తేలుతూ, నీళ్లు పోసినా పోకుండా ఉంటే కొవ్వు అరగట్లేదని. పాంక్రియాస్‌ని చూపించాలి. చిన్నపేగులో బ్యాక్టీరియా పెరగడం, పైత్యరసం వచ్చే నాళం చివర కండరం బిగుసుకోవడం లాంటివి ఉన్నాయి, అవి డాక్టర్ తేల్చుకుంటారు. నాళంలో రాయి మిగిలిపోవడం మాత్రం గుర్తుంచుకోండి. పాత రాళ్ల నొప్పి లాంటిదే మళ్లీ వచ్చి, కొన్ని గంటల్లో దానంతట అదే పోతుంది. రెండు వారాల తర్వాత పరీక్షలు చేయిస్తే నార్మల్ రావచ్చు. నొప్పి వచ్చిన రోజే రక్తం ఇచ్చి లివర్ టెస్ట్ చేయించండి. అందులో పెరుగుదల కనిపిస్తే పైత్యనాళాలను చూపించే ఎంఆర్‌సీపీ స్కాన్ అడగడానికి డాక్టర్‌కి ఆధారం దొరుకుతుంది.