బియర్డెడ్ డ్రాగన్‌కి మలబద్ధకం: ముందు వేడి చూడండి, తర్వాతే మందు

మాది కోరాపుట్ జిల్లా సెమిలిగూడ. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి జనవరిలో తెల్లారగట్ల నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. అలాంటి ఒక జనవరిలో మేం పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి, మా చింటూ, 11 రోజులు రెట్ట వెయ్యలేదు. తిండి మానేసింది, పొట్ట బిగుసుకుపోయింది. పక్కింటి పిన్ని చూసి, "పసిపిల్లలకి పోసినట్టు కాస్త ఆముదం పొయ్యమ్మా, అదే దిగిపోతుంది" అంది. ప్రేమతోనే చెప్పింది. కానీ బల్లి నోట్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి ప్రాణం మీదికి రావచ్చు. ఆముదం, మనుషుల విరేచన మందులు దీనికి ఎప్పుడూ వెయ్యకండి.

ఇది నిజంగా మలబద్ధకమేనా?

పిల్లలు దాదాపు రోజూ రెట్ట వేస్తాయి. పెద్దవి రెండు మూడు రోజులకోసారి, కొన్నయితే వారానికోసారి వేస్తాయి. మీ దానికి ఉన్న అలవాటు మారిందా అన్నదే చూడాలి. చలికాలంలో పెద్దవి తిండి తగ్గించి వారాల తరబడి నిద్రపోతాయి, అప్పుడు రెట్ట ఉండదు. వంటింటి కాటా మీద వారానికోసారి తూయండి. పొట్ట మెత్తగా ఉండి బరువు తగ్గకపోతే కంగారు పడక్కర్లేదు. బరువు తగ్గుతున్నా, పొట్ట ఉబ్బినా, ముక్కుతున్నా అది నిద్ర కాదు.

తింటోంది, రెట్ట మాత్రం లేదు

నూటికి తొంభైసార్లు కారణం వేడి చాలకపోవడమేనని నా నమ్మకం. ఇది ఆస్ట్రేలియా లోపలి ఎండుభూముల బల్లి. ఒంట్లో వేడి తను పుట్టించుకోలేదు, బయటి వేడి తీసుకునే తిన్నది అరిగించుకుంటుంది. వేడి లేకపోతే మేత కడుపులోనే ఉండిపోతుంది.

మా ఇంట్లో జరిగిందీ ఇదే. అద్దానికి అతికించిన గుండ్రటి థర్మామీటరు 38 చూపిస్తోంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. తుపాకీలాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెప్పించి, చింటూ పడుకునే రాయినే కొలిస్తే 30 డిగ్రీలు! ఆ రాయి మీద 38 నుంచి 42 డిగ్రీలు ఉండాలి. చల్లటి వైపు 24 నుంచి 28, రాత్రి 18కి తగ్గకూడదు. బల్బు వాటేజీ పెంచి, రాత్రికి వెలుతురు రాని సిరామిక్ హీటరు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో పెట్టాను. నాలుగో రోజు రెట్ట వేసింది. ఆ ఉదయం ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం.

కరెంటు పోయే రోజుల్లో ఒక నియమం పెట్టుకోండి: వేడి ఇవ్వలేని రోజు మేత పెట్టొద్దు. సాయంత్రం కడుపునిండా పురుగులు పెట్టి, రాత్రంతా చలిలో వదిలేస్తే సమస్య మొదలైనట్టే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బదులుగా పెట్టే యూవీబీ ట్యూబు వెలుగుతున్నా దాని శక్తి మెల్లగా తగ్గిపోతుంది, రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలలకు మార్చాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దానికి బదులు కాదు.

రెట్టలోని తెల్ల భాగం సుద్దముక్కలా గట్టిగా, పసుప్పచ్చగా ఉంది

నీరు చాలలేదు. ఆకులు కడిగి తడి తడిగానే పెట్టండి, మూతి మీద రెండు చుక్కలు వేస్తే నాకుతుంది.

ముక్కుతోంది, రావట్లేదు

మేతగా పెట్టే మీల్‌వార్మ్ పురుగుల గట్టి పెంకు, పెద్ద పురుగులు, నేల మీది ఇసుక పేగులో అడ్డుపడి ఉండవచ్చు. దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్ద పురుగు పెట్టకండి. ఇసుక తీసేసి పాత పేపరో, టైల్సో వేయండి.

గోరువెచ్చని స్నానం బాగా పనిచేస్తుంది. నీళ్ళు 30 నుంచి 32 డిగ్రీలు, లోతు దాని భుజాల వరకు, సమయం 15 నుంచి 20 నిమిషాలు. పక్కనుంచి కదలకండి. పొట్టను వేలితో ముందు నుంచి తోక వైపు మెల్లగా నిమరండి, నొక్కకండి. చాలాసార్లు నీళ్ళలోనే వేసేస్తుంది. తర్వాత బాగా తుడిచి బల్బు కింద పెట్టండి.

మేతలో ఉడికించి మెత్తగా చేసిన గుమ్మడికాయ, కొద్దిగా బొప్పాయి కలపండి. గోంగూర, పాలకూర రోజూ వద్దు, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. వానాకాలం పెరట్లో పట్టిన పురుగుల్లో మిణుగురు ఒక్కటున్నా ప్రమాదమే, అది వీటికి విషం.

ఆడది, మట్టి తవ్వుతోంది, పొట్టలో గోలీల్లాంటి గడ్డలు

గుడ్లు కావచ్చు. మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది. పొట్ట నిమరకండి. తడిపిన మట్టి, ఇసుక కలిపి లోతైన తొట్టిలో పోసి ఇవ్వండి. తవ్వి తవ్వి పెట్టలేక నీరసిస్తే డాక్టరు దగ్గరికే.

ఇంట్లో ఆగకూడని లక్షణాలు

వెనక కాళ్ళు ఈడుస్తోందంటే లోపలి అడ్డు నరాల మీద ఒత్తుతూ ఉండవచ్చు, లేదా కాల్షియం లోపం కావచ్చు. ఎక్స్‌రే తీయాల్సిందే. వాంతి, రక్తం, వేడి సరిచేసి స్నానాలు చేయించినా రెండు వారాలు దాటిపోవడం కూడా అంతే. మలద్వారంలోంచి ఎర్రటి కండ బయటికొస్తే లోపలికి తొయ్యకండి. శుభ్రమైన గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి కప్పి, అదే రోజు తీసుకెళ్ళండి.

మా వైపు పశువైద్యులు ఆవుల్నీ మేకల్నీ బాగా చూస్తారు, బల్లుల్ని చూసే అలవాటున్నవారు తక్కువ. విజయనగరం జిల్లా గరివిడిలో, భువనేశ్వర్‌లో పశువైద్య కళాశాలలున్నాయి. బల్లిని చూస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఘాట్ దారిలో చలి తగలకుండా వేడినీళ్ళ సీసా తువ్వాల్లో చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి. చివరిసారి రెట్ట వేసిన తేదీ, రాయి వేడి, వారం రోజుల మేత ఒక కాగితం మీద రాసుకోండి. తాజా రెట్ట దొరికితే చిన్న డబ్బాలో పట్టుకెళ్ళండి, పేగుల్లో పరాన్నజీవులున్నాయేమో చూస్తారు.